దుర్యోధనుని విందు, విదురుని అన్నము – యాత్రానిషేధమును గూర్చిన ధర్మవిచారము



నారాయణఖేడ్ సరిహద్దు సీమ. ఆ పట్టణపు అంగడిలో నిలుచున్నవానికి తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ నాలుగును ఒక్క గడియలో చెవిన బడును. అచ్చటి భక్తులకు పండరిపురము, తుల్జాపురము, గాణగాపురము పరరాష్ట్రపు ఊళ్ళుగా తోచవు. ఏటేటా పోయివచ్చు పుట్టినిండ్లవలె తోచును. ఆ భక్తులను తీర్థములకు తీసికొనిపోయి తెచ్చు గృహస్థు ఒకడు ఆ ఊరిలో కలడు. సొంత బస్సు ఒకటి, వంటవాడు ఒకడు, నాలుగు గుండిగలు, గ్యాసు పొయ్యి – ఇదియే ఆతని పెట్టుబడి. దూరదేశ యాత్రల విషయములో మాత్రము హైదరాబాదులోని ఒక సంస్థకు స్థానిక ప్రతినిధిగా ఉండి కొంత కమీషను పొందుచుండును.

2025 మే మాసములో, కొద్ది దినముల వ్యవధిలో, ఆ సంస్థ నుండి ఆతని చరవాణికి రెండు సందేశములు వచ్చినవి. దేశగౌరవము దృష్ట్యా టర్కీ, అజర్‌బైజాన్ యాత్రలను నిలిపివేసినామని మొదటిది. నేపాలు మార్గమున కైలాస మానససరోవర యాత్రకు పేర్లు నమోదు చేయుచున్నామని రెండవది. మొదటి సందేశముతో బాకూ నగరమునకు సొమ్ము చెల్లించియున్న ఒక యువదంపతుల ప్రయాణము ఆగిపోయినది. రెండవ సందేశమును ఆతడు తనకు చిన్ననాడు తెలుగు చెప్పిన విశ్రాంత ఉపాధ్యాయునకు చూపించినాడు. ఆ ఉపాధ్యాయులకు అప్పటికి 69 ఏండ్లు. ప్రభుత్వము నడుపు కైలాసయాత్రకు 70 ఏండ్లు దాటినవారు అర్హులు కారు. 2020 నుండి 2024 వరకు ఆ యాత్ర జరుగనేలేదు. పింఛనులో నెలనెలా కొంత దాచుకొని, ఆ ఐదేండ్లును ఆయన ఎదురుచూచినారు.

"సార్, ఈసారి దారి తెరిచిండ్రు. మీ పేరు రాయించమంటరా?" అని ఆతడు అడిగినాడు.

ఉపాధ్యాయులు కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "బాకూకు పోవుట తప్పంటివి, కైలాసానికి పోవుట పుణ్యమంటివి. రెండింటికీ తూకము ఒక్కటేనా బిడ్డా?" అన్నారు.

ఆ ప్రశ్న చిన్నది కాదు. దానిని విచారించుటకు ముందు ఆనాటి పరిస్థితిని స్మరించుకొనవలెను.

2025 ఏప్రిల్ 22న కాశ్మీరములోని పహల్గాం వద్ద ఉగ్రవాదులు 26 మందిని కాల్చిచంపిరి. మృతులలో విశాఖపట్నమునకు, కావలికి చెందినవారును ఉన్నారు. యాత్రికులను రక్షింపబోయి ప్రాణములు విడిచిన స్థానిక ముస్లిము యువకుడు ఒకడు, గుఱ్ఱములపై యాత్రికులను త్రిప్పి జీవించువాడు, ఆ 26 మందిలోనివాడే. మే 7న భారతసైన్యము ఆపరేషన్ సిందూర్ ఆరంభించినది. టర్కీ, అజర్‌బైజాన్ దేశములు పాకిస్థాన్ పక్షమున మాటాడినవి. అప్పుడు ఈజ్‌మైట్రిప్, ఇక్సిగో మొదలైన సంస్థలు ఆ దేశములకు పోవద్దని హెచ్చరించుటయో, టిక్కెట్లు అమ్ముట మానివేయుటయో చేసినవి. ఇక్సిగో ఆ జాబితాలో చైనాను కూడ చేర్చినది. ఒక్క వారములో ఆ రెండు దేశములకు బుకింగులు 60 శాతము తగ్గినవనియు, రద్దులు 250 శాతము పెరిగినవనియు మేక్‌మైట్రిప్ ప్రకటించినది. అంతకు పూర్వము 2024 జనవరిలో మాల్దీవుల ఉపమంత్రులు కొందరు భారత ప్రధానిని కించపరచుచు వ్రాసినప్పుడును ఇట్టి నిరసనయే జరిగినది. 2023లో 2 లక్షలు దాటిన భారతీయ యాత్రికుల సంఖ్య అచ్చట 2024లో సుమారు 1.3 లక్షలకు పడిపోయినది. 2025 జూలైలో అదే మాల్దీవుల స్వాతంత్ర్యదినోత్సవమునకు మన ప్రధాని ముఖ్య అతిథిగా వెళ్ళినారు.

ప్రభుత్వముల మైత్రీవైరములు కాలానుసారము మారును, అది రాజనీతి. వర్తకుడు మాత్రము దేనినిబట్టి నిర్ణయించుకొనవలెను? యాత్రలను అమ్ము సంస్థకు "ఈ దేశమునకు మేము తీసికొనిపోము" అని చెప్పు అధికారము ఉన్నదా?

ఉన్నదనియే చెప్పవలెను. మహాభారత శాంతిపర్వములోని తులాధారుడు వారణాసిలో సరకులమ్ముకొను వర్తకుడు. ఘోరతపస్సు చేసిన జాజలి మహర్షి ధర్మోపదేశమునకై ఆతని అంగడికి రావలసివచ్చినది. ఆ తులాధారుడు అనేక ద్రవ్యములను అమ్మును గాని మద్యమును అమ్మడు. కావున లాభమున్నను కొన్నింటిని అమ్మకుండుట వర్తకధర్మములోనిదే. అయితే ఆతని ప్రతిష్ఠకు మూలము ఆ నిరాకరణము కాదు. సర్వభూతముల యెడ సమముగా నిలిచిన ఆతని త్రాసు. బాకూను తూచినప్పుడు ఒక రాయి, కైలాసమును తూచినప్పుడు ఇంకొక రాయి వేసినవాని అంగడిలో నిరాకరణము కూడ ఒక సరకే అగును.

నారాయణఖేడ్ ఉపాధ్యాయుల మాటలోని శల్యము ఇదియే. పాకిస్థాన్‌కు ఆయుధములను అధికముగా సరఫరా చేయు దేశము చైనా. కైలాసము, మానససరోవరము ఉన్నది ఆ దేశపు ఏలుబడిలోని టిబెట్టులో. 1959లో దలైలామా ఆ భూమిని విడిచి భారతమునకు శరణార్థియై వచ్చినారు. నాటినుండి నేటివరకు టిబెట్టు ప్రజల మతస్వాతంత్ర్యమును గూర్చిన ఆవేదన ఆగలేదు. అజర్‌బైజాన్ యాత్రను ఆపిన సంస్థకు ఈ సంగతి తెలియదా? తెలియును. కాని కైలాసము పేరు చెప్పగానే భక్తుడు లక్షలు చెల్లించును. బాకూ యాత్రను ఆపినప్పుడును సంస్థ రద్దు రుసుము మినహాయించుకొనియే దంపతులకు మిగిలిన సొమ్ము ఇచ్చినది. ప్రకటన సంస్థది, నష్టము దంపతులది.

భగవద్గీత పదునెనిమిదవ అధ్యాయములో శ్రీకృష్ణపరమాత్మ త్యాగమును మూడు విధములుగా విభజించినాడు. మోహముచేత విడుచుట తామసము. కష్టమునకు భయపడి విడుచుట రాజసము. కర్తవ్యమును విడువక, సంగమును ఫలమును విడుచుట సాత్త్వికము. ఈ గీటురాయిపై యాత్రానిషేధములను గీచి చూడవచ్చును. నలుగురి ఆగ్రహమును చూచి, తానును కేకవేయుట మోహము. కేక వేయకున్న గిరాకీ పోవునేమో అని వెరచి విడుచుట భయము. ఇందులో తన ఫలమును తాను విడిచినది ఎక్కడ? వ్రతమనగా తాను ఉపవసించుట. ఇతరుల కంచము లాగివేసి దానికి వ్రతమని పేరు పెట్టుటను ఏ శాస్త్రమును అంగీకరింపదు.

అట్లని నిషేధము ఎన్నడును ధర్మము కాజాలదని చెప్పుట కూడ తొందరపాటే. తెలుగువారి చరిత్రలోనే దీనికి నిదర్శనమున్నది. 1860 నుండి మద్రాసు రేవులో ఓడనెక్కి, దక్షిణాఫ్రికాలోని నేటాలు చెరకుతోటలకు కూలీలుగా పోయినవారిలో తెలుగువారు అనేకులు. 1946లో అచ్చటి ప్రభుత్వము భారతీయుల భూమిహక్కులను హరించు చట్టము చేసినప్పుడు, భారతదేశము ఆ దేశముతో వాణిజ్యమును నిలిపివేసినది. ప్రపంచములో అట్లు చేసిన మొదటి దేశము మనదే. తరువాతి దశాబ్దములలో భారతీయ పాస్‌పోర్టులపై దక్షిణాఫ్రికాకు చెల్లదని ముద్ర ఉండెడిది. తాతముత్తాతల ఊళ్ళకు, డర్బనులోని బంధువులకు నడుమ రాకపోకలు దుర్లభమైనవి. ఆ నష్టమును మోసినవారిలో వర్ణవివక్షచేత పీడింపబడుచున్న మన తెలుగు కుటుంబములును ఉన్నవి. అయినను పీడితుల నాయకులే ఆ బహిష్కారమును కోరిరి. ఆఫ్రికన్ నేషనల్ కాంగ్రెసు అధ్యక్షుడు ఆల్బర్ట్ లుథూలీ 1959లో, దీనివలన మా ప్రజలకు కష్టము కలుగుననుట మాకు తెలియును, రక్తపాతపు దినములను కుదించునదైనచో ఆ కష్టమును భరించుటకు మేము సిద్ధము, అను భావమును ప్రకటించినాడు. నష్టపడువాడే ఆ నష్టమును వరించినాడు. అందువలన ఆ నిషేధమునకు ధర్మబలము కలిగినది.

పీడితుల మాట వినుట అనగా ఒక్కసారి విని ఊరకుండుట కాదు. మన పెద్దలు రంగమని పిలిచిన రంగూను నగరము, ఒకప్పుడు వేలాది తెలుగు కూలీలు పొట్టచేత బట్టుకొని పోయిన ఊరు. ఆ బర్మాదేశమును ఏలిన సైనికప్రభుత్వము 1996ను విదేశీ యాత్రికుల స్వాగతవర్షముగా ప్రకటించినప్పుడు, అచ్చటి ప్రజాస్వామ్య పక్షము యాత్రికులను రావద్దని కోరినది. 2010, 2011 నాటికి అదే పక్షము తన మాటను సవరించుకొన్నది: పాలకుల జేబులు నింపు గుంపుయాత్రలు వద్దు, సామాన్యుల మేలుకోరి వచ్చువారు రావచ్చును అని. దేశము ఒక్కటే, ప్రజలు ఒక్కరే. అయినను ఒకనాడు రాకుండుట మేలైనది, ఇంకొకనాడు వచ్చుట మేలైనది. దూరమున కూర్చున్న సంస్థ ఆ ప్రజల తరపున శాశ్వతముగా తీర్పు చెప్పజాలదు.

ఈ సూక్ష్మమును భారతము ఏనాడో చూపినది. శ్రీకృష్ణుడు పాండవుల దూతగా హస్తినాపురమునకు వెళ్ళినాడు. ద్రౌపదిని సభకు ఈడ్చిన నగరమది. ఆ నగరమునకు పోననలేదు. దుర్యోధనుడు ఘనమైన విందుకు పిలిచినాడు. ఆ విందును మాత్రము ఆయన నిరాకరించినాడు. ప్రీతి ఉన్నచోట భుజింతురు, లేదా ఆపదలో ఉన్నవారు భుజింతురు. నీకు మాయందు ప్రీతి లేదు, మాకు ఆపదయును లేదు, అను అర్థము వచ్చునట్లు ముఖముననే చెప్పినాడు. చెప్పి, విదురుని ఇంటికి పోయి, అచ్చట భుజించినాడు. మరునాడు సభకు వెళ్ళి చెప్పవలసిన సత్యమును నిండుసభలో చెప్పినాడు.

ఇందులో మూడు అంశములున్నవి. నగరమును విడువలేదు. అధర్మపరుని అన్నము ముట్టలేదు. సత్యమును దాచలేదు. హస్తినాపురమనగా దుర్యోధనుడొక్కడే కాదు. విదురుడును ఆ పురవాసియే. పురమును సమూలముగా వెలివేసినచో మొదట ఆకలితో పడుకొనువాడు విదురుడే అగును. పహల్గాం ఘోరము తరువాత కాశ్మీరమునకు పోవద్దని పిలుపునిచ్చినవారు, యాత్రికుల కొరకు ప్రాణమిచ్చిన ఆ గుఱ్ఱపువాని కుటుంబము కూడ యాత్రికుల రాకపైననే బ్రతికినదను సంగతి మరచిరి.

కావున యాత్రాసంస్థల ధర్మమేమి? ఉన్నదున్నట్లు యాత్రికునకు చెప్పుట మొదటిది. పోవు చోట ఎవరు ఏలుచున్నారో, ఎవరు ఏడ్చుచున్నారో కరపత్రములోని మంచుకొండల బొమ్మతో పాటు తెలుపవలెను. తాము చెల్లించు సొమ్ము ఎవరి చేతికి పోవుచున్నదో చూచి, సాధ్యమైనంతవరకు స్థానిక గృహస్థుల వసతిగృహములకు, మోతగాండ్రకు, వంటవారికి చేరునట్లు చేయుట రెండవది. ఆ దేశపు పీడితులే రావద్దని వేడుకొన్నచో ఆగి, ఆ నష్టమును యాత్రికునిపై మోపక తామే భరించుట మూడవది. ఒక దేశమునకు ఒక న్యాయము, ఇంకొక దేశమునకు ఇంకొక న్యాయము పాటింపకుండుట నాలుగవది. ఈ నాలుగును చేయజాలని సంస్థ నిషేధప్రకటనలు చేయకుండుటయే మేలు. పోవలెనా మానవలెనా అను తుదినిర్ణయము యాత్రికునిదే. తీర్థమునకు సంకల్పము చెప్పుకొనునది ఆతడు గాని సంస్థ కాదు.

ఉపాధ్యాయులు ఆ ఏడు సంస్థకు పేరు ఇయ్యలేదు. కైలాసమును నిషేధించుకొననూ లేదు. ఆ శరదృతువులో ఆయన కర్ణాటకములోని బైలుకుప్పెకు వెళ్ళినారు. 1960వ దశకపు తొలినాళ్ళనుండి టిబెట్టు శరణార్థులు నివసించుచున్న ఊరది. అచ్చట ఒక వృద్ధుని కలిసి, వచ్చీరాని హిందీలో, "మీరు పోలేని మీ కొండకు నేను పోవచ్చునా?" అని అడిగినారు. ఆ వృద్ధుడు కొంతసేపు మాల త్రిప్పుచు ఊరకుండి, "పొండు. ఎవరో ఒకరు చూడవలెను గదా. చూచి వచ్చి, అక్కడ మావాళ్ళు ఎట్లున్నారో నాకు చెప్పుండు" అన్నాడట. విదేశీయులు టిబెట్టుకు పోయి స్వయముగా చూడవలెనని దలైలామా కూడ పలుమారులు చెప్పియున్నారు. ఉపాధ్యాయులు మరుసటి ఏటి ప్రభుత్వయాత్రకు దరఖాస్తు చేయ నిశ్చయించుకొన్నారు. 2025లో ప్రభుత్వము పంపినది 750 మందినే. అదియును కంప్యూటరు చీటీ ద్వారా. పేరు వచ్చుట రాకుండుట ఈశ్వరాధీనము. పోయినచో ప్రదక్షిణమే గాక, ఆ వృద్ధునకు సమాధానము తెచ్చు బాధ్యత కూడ ఆయనపై ఉన్నది.

బైలుకుప్పె నుండి తిరిగివచ్చిన పిమ్మట ఆయన తన శిష్యుని అడిగిన రెండవ ప్రశ్న మొదటిదానికంటె కఠినమైనది. గాణగాపురము దారిలో ఆతని బస్సు ఏటేటా ఆగు గ్రామము ఒకటి కలదు. అచ్చటి దేవాలయపు పెద్దలు యాత్రికులందరికి ఉచితముగా ఉప్మా, చాయ ఇత్తురు. బస్సులో దళిత కుటుంబములున్నప్పుడు మాత్రము "మీరు బండి కాడనే ఉండుండ్రి, గిన్నెలు జూసుకోండ్రి" అని ఆతడే మెల్లగా చెప్పుచు వచ్చినాడు. గొడవ రాకూడదని.

"టర్కీ దూరము, టిబెట్టు దూరము. ఈ ఊరు దారిలోనే ఉన్నది గదా నాయనా" అన్నారు ఉపాధ్యాయులు.

ఈ ప్రశ్న ఆ గ్రామమునకు మాత్రమే చెందినది కాదు. అర్చకులకు, ధర్మకర్తలకు, భక్తులకు అందరికిని చెందినది. దళితులను గుడిలోనికి రానీయలేదను వార్తలు తెలుగునాట నేటికిని వినబడుచునే ఉన్నవి. నారాయణఖేడ్ భక్తులు ప్రాణప్రదముగా కొలుచు పండరిపురములో, భక్తచోఖామేళాను లోపలికి రానీయలేదు. ఆయన సమాధి నేటికిని మహాద్వారము ముందర, గుడి వెలుపలనే ఉన్నది. 1947 మే 1న సానే గురూజీ పండరిపురమునకు పోయి, ఆ ద్వారము దళితులకు తెరువవలెనని నిరాహారదీక్ష పూనినాడు, ద్వారము తెరువబడినది. అంతకు పూర్వము 1938లో, దళితులకు ప్రవేశము లేని పూరీ జగన్నాథాలయములోనికి కస్తూరిబా వెళ్ళివచ్చినదని తెలిసి గాంధీజీ తీవ్రముగా బాధపడినారు. ఒకరు పోవలదన్నారు, ఒకరు పోయి నిరాహారదీక్ష పూనినారు. మార్గములు వేరు, కాని ఇద్దరును ఆ కష్టమును తమ శరీరముపైననే, తమ ఇంటిపైననే వేసికొనిరి. పరదేశమును నిషేధించుటకు ఒక ప్రకటన చాలును. స్వగృహమును సరిదిద్దుటకు మన ఉప్మాను, మన చాయను వదులుకొనవలెను.

తరువాతి యాత్రకు ముందు ఆ నిర్వాహకుడు ఒక్కడే మోటారుసైకిలుపై ఆ గ్రామమునకు పోయినాడు. బస్సులోనివారందరు లోపలికి వచ్చునట్లయిన ఆగుదుమని, లేనిచో ఆగమని పెద్దలతో చెప్పినాడు. వారు కోపించిరి. రెండు యాత్రలుగా ఆ బస్సు గుడి ముందర ఆగుట లేదు; ఉదయపు ఫలాహారము ఖర్చు ఆతడే పెట్టుకొనుచున్నాడు, యాత్రికుల రుసుము పెంచలేదు. గుడి ముందర పూలమ్ముకొను ముసలమ్మ ఒకామె ఉన్నది. బస్సు ఆగకున్న ఆమె బేరము పోవును. ఆమెకు ముందుగా ఫోను చేసి, ఊరి చివర వేపచెట్టు క్రింద బస్సు ఆపి, దత్తస్వామికి కావలసిన మూరలన్నియు ఆమె వద్దనే కొనుచున్నాడు. బస్సులోనివారందరు దిగి, అక్కడనే కలిసి కూర్చుండి తినుచున్నారు.

ఆ గుడి తలుపు ఇంకను తెరువబడలేదు. పెద్దలలో ఒకడు మాత్రము మొన్నటి యాత్రనాడు వేపచెట్టు వరకు నడిచివచ్చి, కొంతసేపు నిలబడి, ఏమియు పలుకక వెనుకకు పోయినాడట.

శుభం భూయాత్.